సీసాలో చెంచాడు నీళ్ళు

మాస్టారికి 'ఎందుకు మాస్టారు' అని పేరు పెట్టింది పిల్లలు కాదు, సాక్షాత్తూ ఆయన భార్య. ఇంట్లో ఉప్పయిపోయిందన్నా "ఎందుకు?" అని అడిగే మనిషితో కాపురం చేసి చేసి ఆవిడ ప్రాణం విసిగిపోయింది. ఓసారి కాలేజీ వార్షికోత్సవంలో, ఎదురుగా మైకు పనిచేస్తోందని తెలియక, "ఆ ఎందుకు మాస్టారిని కాస్త పిలవండి, ఇంటికెళ్దాం" అనేసింది. హాలంతా గొల్లుమంది. అప్పట్నుంచీ ఆయన అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు.

మాస్టారు కెమిస్ట్రీ చెప్పేవాడు. పుస్తకం చదివి గంట కొట్టగానే పారిపోయే రకం కాదు. "ఫార్ములా బట్టీ పట్టడం చిలక్కి కూడా వస్తుంది. లెక్క ఎదురుపడ్డప్పుడు బుర్ర ఎలా నడవాలో అది నేర్చుకోండిరా" అనేవాడు. దానికాయన సొంతంగా ఓ పద్ధతి కనిపెట్టాడు. క్లాసంతా జంటలు జంటలు. ఒకరు బోర్డు దగ్గర నిలబడి, మనసులో మెదిలే ప్రతి ఆలోచనా పైకి చెబుతూ లెక్క చెయ్యాలి. రెండోవాళ్ళు ఎదురుగా కుర్చీలో కూర్చుని వినాలి. వినేవాళ్ళకి ఒకే ఒక్క మాటకి అనుమతి: "ఎందుకు?" తప్పు అనకూడదు, ఒప్పు అనకూడదు, కళ్ళెగరెయ్యకూడదు. తప్పు మెట్టయినా ఒప్పు మెట్టయినా ప్రతి మెట్టు దగ్గరా ఆ మాట అడగాలి. అడిగినప్పుడు బోర్డు దగ్గరవాళ్ళు తమ మెట్టుని సమర్థించుకోవాలి, సమర్థించుకోలేకపోతే దిద్దుకోవాలి.

చక్కటి పద్ధతే, కాదన్ను. కానీ కుర్చీలో కూర్చునేది మనుషులు కదండీ. ప్రతి మెట్టుకీ ఎందుకు, ఎందుకు అని అడగాలంటే ఎవరి నోరు నొప్పెట్టదు? అందుకని పిల్లలు చడీచప్పుడు లేకుండా ఓ ఏర్పాటు చేసుకున్నారు. బోర్డు దగ్గరవాళ్ళు సరిగ్గా వెళ్తున్నంతసేపూ కుర్చీలోవాళ్ళు నోరు మూసుకుని ఉంటారు. పప్పులో కాలేసినప్పుడు మాత్రం "ఎందుకు?" అంటారు. ఆ మాట వినపడగానే బోర్డు దగ్గరవాళ్ళు డస్టరు అందుకుని చివరి మెట్టు తుడిచేసి ఇంకో దారి పడతారు. మాస్టారు వెనక బెంచీలో కూర్చుని అది చూసి పొంగిపోయేవాడు. "చూశారా, ఒక్క ప్రశ్నతో తన తప్పు తనే పట్టేసుకుంది!" అని పక్క లెక్చరర్లని పిలిచి మరీ చూపించేవాడు. పాపం, అది ప్రశ్న కాదనీ ఈలలాంటి సైగ అనీ ఆయన ఒక్కడికే తెలీదు.

ఆ క్లాసులో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఒక జంట. అన్నదమ్ముల పిల్లలు. పెద్దది, చిన్నది అనే ఇంట్లో పిలుపు. చిన్నదానికి కాలేజీలో ఇంకో పేరు కూడా ఉంది, రేడియో. కాలేజీలో చేరినప్పుడు నోట్లో నాలుక లేనట్టుండేది. మాస్టారి పద్ధతి పుణ్యమా అని నోరు ఒకసారి తెరుచుకుంది, ఇక మూతపడలేదు. లెక్క ఇస్తే చాలు, గలగలా మాట్లాడుతూ చేసుకుపోయేది. "ఇదిగో గిన్నె. గిన్నెలో ఏముంది? గ్యాసుంది. ఎటు పోతుంది? ఎటూ పోదు, మూతుంది కదా. మరైతే..." ఇలాగ. వినేవాళ్ళకి నవ్వొచ్చేది, కానీ ఆఖర్న జవాబు సరిగ్గా వచ్చి కూర్చునేది.

దానమ్మా నాన్నా పనిచేసే ఊళ్ళో కాలేజీ లేక పెదనాన్న ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఆ పెదనాన్నే పెద్దదాని తండ్రి. ఆయనకో లాండ్రీ షాపుంది. ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో ఉతికే మిషన్లు, మధ్యలో ఆవిరి ఇస్త్రీ బల్ల. పొద్దున కాలేజీకి ముందు ఒకరు, కాలేజీ అయ్యాక ఒకరు ఆ బల్ల దగ్గర నిలబడాలి. వాళ్ళమ్మకి నడుం పట్టేసినప్పుడు పెద్దది ఒక ఏడాది చదువు మానేసి రెండు పూటలూ తనే నిలబడింది. ఆ ఏడాది దాని కళ్ళలో ఇప్పటికీ మంటగానే ఉంది. మోచేతుల దాకా ఆవిరి మచ్చలు, ఒంటి నిండా సబ్బు వాసన, తోటివాళ్ళంతా పై క్లాసుకి. తిరిగి కాలేజీకొచ్చేసరికి వెనక నుంచి చిన్నది వచ్చి పక్క బెంచీలో కూర్చుంది.

చిన్నదంటే పెద్దదానికి ఇష్టం లేదనడానికి లేదు. జడ వేసేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది. కానీ చిన్నది బోర్డు దగ్గర గలగలా పోతుంటే క్లాసంతా నోరెళ్ళబెట్టి చూసే ఆ చూపు ఉంది చూడండీ, అది మాత్రం పెద్దదాని కళ్ళలో కారం కొట్టినట్టుండేది. దానికి తోడు మాస్టారు జంటలు వేసిన రోజున, "నువ్వు కుర్చీలోనే ఉండమ్మా. నీకు వినడం బాగా వచ్చు" అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు మహానుభావుడు.

ఆ ఏడు ఓ పెద్ద పరిశోధనశాల వాళ్ళు కబురు పంపారు. మాస్టారి పద్ధతి గురించి విన్నామనీ, వచ్చి చూస్తామనీ, బోర్డు దగ్గర నిలబడేవాళ్ళలో ఒక్కరిని ఎంచుకుని తమ దగ్గరే ఉంచుకుని పై చదువు చెప్పిస్తామనీ. ఒక్కరంటే ఒక్కరే. మాస్టారి కాలు నేల మీద ఆన్లేదు. ఆ ఒక్కరూ ఎవరో క్లాసులో చీపురు పట్టే ఆయాకి కూడా తెలుసు.

షాపులో పెదనాన్న ఈ కబురు విని చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె నడుపుతూనే తీర్పు చెప్పేశాడు.

"వెళ్ళనీ, మంచిదే. కానీ ఒకటి. ఇద్దర్లో ఒకళ్ళు వెళ్తే రెండోవాళ్ళు కాలేజీ మానేసి షాపు చూసుకోవాలి. మీ అమ్మ నిలబడలేదు, బయటి మనిషిని నేను పెట్టలేను."

"అదేంటి నాన్నా, నా చదువూ?" అంది పెద్దది.

"నీకిప్పుడు కొత్తా ఏంటి? ఒక ఏడు చేశావుగా" అన్నాడు ఆయన, తల కూడా ఎత్తకుండా.

చిన్నది గబగబా దగ్గరికొచ్చి, "నేను పెదనాన్నతో మాట్లాడతాలే అక్కా, ఏదో ఒకటి చేద్దాం" అంది. ఏం చేస్తుంది, దాని మొహం! దాని మనసప్పటికే పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడింది. పెద్దది ఆవిరి గొట్టం నొక్కితే బుస్సుమంది, ఆ పొగలో కాసేపు మొహం దాచుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. పరిశోధనశాల నుంచి ఇద్దరొచ్చారు. ఒకాయన బట్టతల, నవ్వితే బల్ల కదిలేది. ఇంకొకావిడ పెద్ద మేడమ్, అందరూ ఆవిడ మొహం చూసి మాట్లాడేవాళ్ళు. లాబు పక్క గదిలో బల్ల వేసి, వాళ్ళ ముందు తాగే నీళ్ళ సీసా ఒకటి పెట్టారు. జంటలు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళి వస్తున్నాయి. కొందరు చెమట తుడుచుకుంటూ, కొందరు మొహం వేలాడేసుకుని. అక్కాచెల్లెళ్ళ వంతు చివర్న వచ్చింది. లోపలికి వెళ్తూ చిన్నది పెద్దదాని చెయ్యి పట్టుకుంది. "అక్కా, నాకు భయంగా ఉంది. నేను తప్పు పోతే వెంటనే అనెయ్యి, ఏం?" అంది.

"అంటాలే" అంది పెద్దది.

పెద్ద మేడమ్ లెక్క చదివింది. ఒక లీటరు గాజు సీసా. లోపలి గాలంతా తోడేశారు. అందులో ఒక చెంచాడు నీళ్ళు పోసి, మూత బిగించి, మామూలు గదిలో ఉంచారు. కాసేపయ్యాక సీసా లోపల ఒత్తిడి ఎంత? కావాల్సిన అంకెల పట్టికలన్నీ గోడ మీద ఉన్నాయి, చూసుకోవచ్చు.

చిన్నది సుద్దముక్క తీసుకుంది. రేడియో మొదలైంది. "ఇదిగో సీసా. గాలి లేదు. నీళ్ళున్నాయి. నీళ్ళు ఊరుకోవు, ఆవిరవుతాయి. ఆవిరి సీసా నిండా పరుచుకుంటుంది. అదే ఒత్తిడి. సరే, ఎంత ఆవిరి? గ్యాసు సూత్రంలో పెట్టేద్దామా? ఆగాగు. ముందు ఒకటి చూడాలి. నీళ్ళన్నీ ఆవిరవుతాయా?" సుద్దముక్కతో గడ్డం గోక్కుంది. "అవవు. ఇది మామూలు గదే కదా, పొయ్యి కాదు కదా. కొంచెం ఆవిరవగానే సీసా చాలంటుంది. మిగతాది అడుగునే ఉంటుంది."

అని బోర్డు మీద రాసింది: కొంత నీరు అడుగున మిగులుతుంది.

లెక్కంతా ఆ మెట్టులోనే ఉంది. అది దాటితే ఇక చెయ్యడానికి లెక్కే లేదు. గోడ మీద పట్టికలో ఆ వేడికి నీటి ఆవిరి ఒత్తిడి ఎంతో చూసి చెప్పెయ్యడమే. పెద్ద మేడమ్ కలం మూత పెట్టింది. బట్టతలాయన ముందుకు వంగాడు. వెనక గోడకానుకున్న మాస్టారి పెదాల మీద నవ్వు మొదలైంది.

పెద్దదానికీ ఆ మెట్టు రైటని తెలుసు. ఏళ్ళ తరబడి ఆ ఆవిరిలోనే బతుకుతోంది, దానికి తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? చిన్నది తనంతట తను తప్పు చేస్తే బావుండునని పొద్దుట్నుంచీ వెయ్యి దేవుళ్ళకి మొక్కుకుంది. ఒక్క దేవుడూ విన్లేదు. ఇంకొక్క వాక్యం, అంతే. రేపట్నుంచి రెండు పూటలూ బల్ల దగ్గర తను, రైలు కిటికీ దగ్గర చిన్నది. నోరు దానంతటదే తెరుచుకుందని చెబితే అబద్ధం. పెద్దదే తెరిచింది.

"ఎందుకు?"

చిన్నది పక్కనే బాంబు పడ్డట్టు ఉలిక్కిపడింది. అక్క మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏమీ లేదు, రూలు ప్రకారం ఉండకూడదు కూడా. చిన్నది బోర్డు వైపు తిరిగి తన మెట్టు తను మళ్ళీ చదువుకుంది. తప్పేంటో కనపళ్ళేదు. కానీ ఏడాది పాటు ఆ మాట విన్న ప్రతిసారీ చెయ్యి ఏం చేసిందో ఇప్పుడూ అదే చేసింది. డస్టరు అందుకుని తుడిచేసింది.

"కాదు కాదు. గాలి లేదు కదా సీసాలో. అడ్డేముంది? మొత్తం ఆవిరైపోతుంది" అని గొణిగి, గ్యాసు సూత్రం రాసింది. గ్రాముల్ని మోల్స్ చేసింది, గది వేడి వేసింది, గుణించింది, భాగించింది. పెద్దది నోరు మెదపలేదు. ఆ మౌనం వింటూ చిన్నది ధైర్యం తెచ్చుకుంటోంది. రైటు దారిలోనే ఉన్నాననుకుంటోంది, పిచ్చిది. చివరికి జవాబు కింద రెండు గీతలు గీసి ఇటు తిరిగింది. బయటి గాలి ఒత్తిడికి దాదాపు ఏడు రెట్లు.

బట్టతలాయన తన ముందున్న నీళ్ళ సీసాని రెండు వేళ్ళతో జాగ్రత్తగా పట్టుకుని దూరంగా జరిపాడు.

"ఏమ్మా, ఇందులోనూ నీళ్ళున్నాయి, మూతా ఉంది. పేలుతుందంటావా? బల్ల కింద దూరమంటావా?"

అని నవ్వాడు చూడండి, బల్ల గడగడలాడింది. చిన్నది చెవుల దాకా ఎర్రబడి, సుద్దముక్కని పిడికిట్లో నలిపేసింది. మాస్టారు కూడా నవ్వాడు. అదేం నవ్వో! అతిథి నవ్వాక నవ్వకపోతే బావుండదని నవ్విన నవ్వు. చిన్నదాని ఏడాది కష్టం ఆ నవ్వు కింద పడి నలిగింది.

పెద్ద మేడమ్ మాత్రం నవ్వలేదు. "నీ తప్పు నువ్వే దిద్దుకోవడమే కదా మీ పద్ధతి. బయటికెళ్ళి కూర్చుని ఆలోచించు. ఎక్కడ తప్పావో దొరికితే లోపలికొచ్చి చెప్పు. అప్పుడైనా నిన్ను తీసుకుంటాను" అంది. ఇద్దరూ బయటికొచ్చారు.

వరండాలో సిమెంటు బెంచీ ఉంది. చిన్నది ఏడవలేదు, అంత తీరిక లేదు దానికి. వేలితో బెంచీ మీద గీతలు గీస్తూ మొదట్నుంచీ మొదలెట్టింది. "సీసా. గాలి లేదు. నీళ్ళు. ఆవిరి. మొత్తం ఆవిరి... మొత్తమేనా? నేను ముందు కొంచెమే అన్నాను కదూ? కొంచెం ఆవిరై, మిగతాది అడుగున..." అని ఆగింది. కళ్ళు మెరిశాయి. అక్క వైపు తిరిగింది. "అక్కా, అదేనా? అదే రైటా?"

ఇక్కడ రూల్లేవు, మాస్టారు లేడు, ఎవరూ వినడంలేదు. తల ఒక్కసారి పైకీ కిందకీ ఊపితే చాలు. జడ వేసిన చెల్లెలు, జ్వరంలో ఒళ్ళో పడుకున్న చెల్లెలు, నోరు తెరుచుకుని పిట్టపిల్లలా చూస్తోంది. పెద్దదాని గుండె నీరవబోయింది, నిజం. ఆ పక్కనే తన మోచేతి మీది మచ్చ కనపడింది. గుండె మళ్ళీ గట్టిపడింది.

"ఎందుకు?" అంది.

చిన్నదాని మొహంలో వెలుగు ఠక్కున ఆరిపోయింది. "అదీ కాదా" అనుకుంది, పైకే. మళ్ళీ మొదలు. వేడి సరిగ్గా వేశానా, మోల్స్ సరిగ్గా చేశానా, దశాంశం ఎక్కడ పెట్టాను. తప్పు లేని చోట్లన్నీ తవ్వడం మొదలెట్టింది.

ఈలోగా తలుపు తెరుచుకుంది. మాస్టారు తల బయటపెట్టి, చిన్నదాన్ని చూడనట్టే చూసి, "అమ్మా, నిన్ను మేడమ్ పిలుస్తున్నారు" అన్నాడు పెద్దదానితో.

లోపలికెళ్ళాక పెద్ద మేడమ్ కుర్చీ చూపించింది.

"ఇవాళ చాలా జంటల్ని చూశాను. అందరూ తప్పు మెట్టు దగ్గరే ఎందుకని అడిగారు. సరైన మెట్టు దగ్గర ఆపి అడిగింది నువ్వొక్కదానివే. అసలు కీలకం అదేనని నీకు తెలిసే అడిగావు, అవునా?"

పెద్దది ఊహించనిది ఇది. చెల్లెలు ఆగిపోతే చాలనుకుంది గానీ, ఆ జాగాలో తను నిలబడొచ్చని కల్లో కూడా అనుకోలేదు. ఒక్కసారిగా ఆశ పుట్టింది. ఆశ పుడితే మనిషికి సిగ్గు ఎక్కడ మిగులుతుంది?

"అవును మేడమ్" అంది.

"అయితే నువ్వు చెయ్యి."

పెద్దది బోర్డు దగ్గరికెళ్ళింది. చెల్లెలు రాసిన ఏడు రెట్లని తుడిచి, చెల్లెలు చెప్పిన మాటే, అదే వరసలో, దాదాపు అదే గొంతుతో చెబుతూ బోర్డు మీద రాసింది. పొయ్యి కాదు కదా, మామూలు గది కదా, కొంచెం ఆవిరవగానే సీసా చాలంటుంది. గోడ మీద పట్టిక చూసి అంకె చదివింది. బట్టతలాయన చప్పట్లు కొట్టాడు. మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "నేను చెప్పలేదూ! వినడంలోనే ఉందండీ అంతా! మా పద్ధతిలో వినేవాళ్ళే అసలైనవాళ్ళు!" అన్నాడు. రెండు నిమిషాల క్రితం దాకా ఆయన నోట ఆ మాట ఎవరూ విన్లేదు. పెద్ద మేడమ్ కాగితం మీద పేరు రాసుకుంది.

పెద్దది బయటికొచ్చేసరికి చిన్నది బెంచీ మీంచి ఎగిరి నిలబడింది.

"అక్కా, దొరికింది! సీసా మొత్తం ఆవిరికి వదిలేశాను. నీళ్ళు ఆక్రమించిన జాగా తీసెయ్యలేదు. అది తీసేసి చెయ్యాలి. అంతే కదా?"

అబ్బ, ఎంత ఘోరం! నీళ్ళన్నీ ఆవిరైపోయాయంటూనే ఆ నీళ్ళకి జాగా ఉంచమంటోంది. అలా చేస్తే జవాబు తగ్గదు సరికదా ఇంకాస్త పెరుగుతుంది. మామూలు రోజైతే చిన్నదే ఇలాంటి మాట విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. పెద్దదాని పని అప్పటికే అయిపోయింది, కాగితం మీద పేరెక్కింది. "వద్దే, వెళ్ళకు" అంటే పోయేదేమీ లేదు. కానీ చిన్నది బయటే ఉంటే ఆలోచిస్తూనే ఉంటుంది, ఆలోచిస్తే ఎప్పటికో అప్పటికి మొదటి మెట్టుకే వస్తుంది, వచ్చి తలుపు కొడుతుంది. మేడమ్ మాటిచ్చింది కూడా.

పెద్దది చెల్లెలి చెంప మీద అంటిన సుద్ద తన చున్నీతో తుడిచింది. ముంగురులు సర్దింది.

"బావుంది. వెళ్ళి చెప్పు" అంది.

చిన్నది పరుగున వెళ్ళింది. తలుపు వెనక దాని గొంతు కాసేపు గలగలా వినపడింది, ఆ తర్వాత బల్ల గడగడలాడే నవ్వు. ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు. పెద్దది బెంచీ మీద కూర్చుని చెవులు మూసుకోకుండా మొత్తం వింది.

తలుపు తెరుచుకుని చిన్నది బయటికొచ్చింది. మెల్లగా నడిచొచ్చి అక్క ముందు నిలబడింది. లోపల బోర్డు మీద పెద్దది రాసింది ఇంకా అలాగే ఉంది, అది చదివొచ్చింది.

"అక్కా, అది నా మెట్టు."

"నీదే" అంది పెద్దది. "కానీ నువ్వే తుడిచేశావుగా."

చిన్నది ఎవరితో చెప్పుకుంటుంది? 'ఎందుకు' అనడం తప్పని చెప్పాలంటే క్లాసంతా మాస్టార్ని ఏడాదిగా మోసం చేసిందని చెప్పాలి. పెద్దది రూలు తప్పలేదు. ఆ క్లాసు మొత్తంలో ఆ రూలుని అక్షరాలా పాటించింది అదొక్కతే.

పెద్దది లేచి సంచీ భుజానికి వేసుకుంది.

"పద, షాపుకెళ్ళే వేళయింది. ఇవాళ నా వంతే గానీ నేను బట్టలు సర్దుకోవాలి. బల్ల దగ్గర నువ్వు నిలబడు. ఇక రెండు పూటలూ నీవేగా, అలవాటు చేసుకో" అని మెట్లు దిగింది.